కార్డు మీద లక్షలు... ఇంట్లో ఖర్చులు!

ఖాజాగూడలో ఒకే రోడ్డుకి అటూ ఇటూ రెండు రకాల ఇళ్లు. ఒకవైపు ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు. మరోవైపు ఆ అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, కార్లు తుడిచేవాళ్లు ఉండే ఇరుకు గదులు. జ్వరం మాత్రం రెండు వైపులకీ ఒకేలా వస్తుంది. బిల్లు కట్టే దారే వేరు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా ఉంటుంది. ఉద్యోగం ఊడితే అదీ పోతుంది. గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డుకి జీతం 21 వేలు దాటకపోతే ఈఎస్ఐ. అందుకోసం జీతంలో 0.75 శాతం అతను, 3.25 శాతం యజమాని కట్టాలి. ఇళ్లలో పనిచేసే మహిళకి ఈ రెండూ లేవు. ఆమెకి దిక్కు ఆరోగ్యశ్రీ!

పేరు మారినా పథకం పోలేదు

2007 ఏప్రిల్ 1న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకాన్ని ప్రారంభించింది. తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. గుండె ఆపరేషన్ అంటే ఉన్న ఎకరం అమ్ముకోవడమే అనుకునే ఇళ్లకు అదెంత ధైర్యమో చెప్పనక్కర్లేదు. 2009లో కాంగ్రెస్ మళ్లీ గెలవడానికి ఇదీ ఒక కారణమని రాజకీయ పండితులు లెక్కగట్టారు.

అప్పటి నుంచి ఏ పార్టీ వచ్చినా దీన్ని ఎత్తేసే సాహసం చేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం వస్తే ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్‌సీపీ వస్తే వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ! బోర్డులు మారాయి, పథకం నిలిచింది.

2023లో అయితే వేలంపాటే జరిగింది. తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్ 10 లక్షలంటే బీఆర్ఎస్ 15 లక్షలంది. గెలిచిన కాంగ్రెస్ డిసెంబరు 9న 10 లక్షల పరిమితిని అమల్లోకి తెచ్చింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ప్రభుత్వం 25 లక్షలకు పెంచింది.

నెలనెలా వచ్చే బిల్లు

క్యాన్సరో, అవయవ మార్పిడో అవసరమైన కుటుంబానికి ఆ పెంపు ప్రాణదానమే. కానీ చాలా ఇళ్లకు అంత పెద్ద బిల్లు ఎప్పుడో గానీ రాదు. ప్రతి నెలా వచ్చేవి వేరే ఉన్నాయి. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, రక్తపరీక్షలు, డాక్టరు ఫీజు, ఆటో చార్జీ, సెలవు పెడితే కోసుకునే జీతం. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిన చికిత్సలకే. కంపెనీ బీమాలూ చాలావరకు అంతే. మంచం ఎక్కితే డబ్బు వస్తుంది, మంచం ఎక్కకుండా ఉండటానికి పెట్టే ఖర్చు మాత్రం మన జేబులోంచే!

దేశం మొత్తం వైద్యఖర్చులో జనం సొంతంగా పెట్టుకునే వాటా 2013-14లో 64.2 శాతం. 2021-22కి అది 39.4 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. మంచి మార్పే. అయినా వంద రూపాయల్లో దాదాపు 40 ఇంకా ఇంటి పర్సులోంచే పోతున్నాయి.

సొంతంగా పాలసీ కొనుక్కునే మధ్యతరగతికి 2025 సెప్టెంబరు 22న కాస్త ఊరట దొరికింది. వ్యక్తిగత, కుటుంబ పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీని కేంద్రం ఎత్తేసింది. గ్రూపు పాలసీలకు ఆ మినహాయింపు లేదు.

పరిమితి పెంచడానికి ఒక్క జీవో చాలు. ఆసుపత్రులకు డబ్బు మాత్రం ప్రతి నెలా ఇస్తుండాలి. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని తెలంగాణలో నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్నాళ్లు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. ఆ రోజుల్లో ఆపరేషన్ పడిన ఇంటికి కార్డు మీద పది లక్షలున్నా ఒకటే, లక్షన్నర ఉన్నా ఒకటే.

హైదరాబాద్‌లో 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో డాక్టరు చూడటం, మందులు ఇవ్వడం ఉచితం. వాల్‌పోస్టరు మీద వేసుకోవడానికి అక్కడ లక్షల అంకె ఉండదు. కానీ షుగరును మొదట్లోనే పట్టుకుంటే రేపటి కిడ్నీ ఖర్చు తప్పే అవకాశం ఉంది. పార్టీల పోటీ అటు మళ్లితే బాగుంటుంది.

ఈసారి ఓటు అడగడానికి ఎవరైనా గుమ్మంలోకొస్తే 'ఎన్ని లక్షలిస్తారు?' అని ఆగిపోకండి. 'అమ్మ బీపీ మాత్రలు ప్రతి నెలా దగ్గర్లో దొరుకుతాయా? ఆసుపత్రుల బకాయిలు కట్టేశారా?' అని కూడా అడగండి. ఆ రెండు ప్రశ్నలకూ అపార్ట్‌మెంటు, ఇరుకుగది తేడా లేదు.