అవ్వ తాగని రెండో కాఫీ

ఇంతవరకూ ఇక్కడ మన ఇంటి పాత సామాన్ల గురించి, పాత ఫోటోల గురించి రాసుకుంటూ వచ్చాము. ఈసారి ఒక పాత అలవాటు గురించి రాస్తున్నాము. ఎందుకంటే పోయిన పండక్కి దాని మీద ఇంట్లో పెద్ద వాదనే అయింది.

కెలవరపల్లి ఇంట్లో పెరిగిన మనందరికీ తెలుసు, అవ్వ గురువారం రెండో కాఫీ తాగేది కాదు. ఎందుకవ్వా అంటే "సాములోర్ల కోసరం" అనేది. కడరా భోజనం వేళ యేసు గురుత్వాన్ని స్థాపించింది గురువారమే కదా, అందుకని ఆ రోజు. సాయంత్రం జపమాలలో గురువుల కోసం ఇంకో పది మంగళవార్త జపాలు చెప్పించేది. మాది కన్నడ మీడియం. ఆ తెలుగు జపాలు కన్నడ అక్షరాల్లో రాసుకుని చదివినవాళ్ళం. ఆ నోట్‌బుక్ ఇంకా అమ్మ దగ్గర వుంది.

అవ్వ పోయినాక అమ్మ ఆ అలవాటు పట్టుకుంది. ఇప్పుడు కాలేజీ పిల్లలు అడుగుతున్నారు: "సాములోర్లకి అంత ప్రత్యేకం ఏముంది? వాళ్ళ తప్పుల గురించి పేపర్లో రావట్లేదా? ప్రార్థన పేరు చెప్పి వాళ్ళని వెనకేసుకురావడమే కదా ఇది?"

ఇది తోసేసే ప్రశ్న కాదు. కానీ దీనికి జవాబు వుంది.

పునీత చిన్న తెరేజమ్మ 1887లో, పద్నాలుగేళ్ళ వయసులో, రోముకి యాత్ర పోయింది. దాదాపు నెల రోజులు చాలామంది గురువులతో కలిసి ప్రయాణం చేసింది. వాళ్ళూ బలహీనతలున్న మనుషులేనని దగ్గర నుంచి చూసింది. వాళ్ళ కోసం ప్రార్థన ఎందుకు కావాలో అప్పుడే అర్థమయిందని తన ఆత్మకథలో రాసుకుంది. 1888లో లిజియూ కార్మెల్ మఠంలో చేరి, 1897లో ఇరవైనాలుగేళ్ళకే చనిపోయింది. ఈ మధ్యలో మిషన్ పనికి పోయే ఇద్దరిని తోబుట్టువులుగా భావించి జాబులు రాసింది, తన చిన్న చిన్న కష్టాలు వాళ్ళ కోసం అర్పించింది. గురువులు గొప్పవాళ్ళని కాదు, మనలాంటి మనుషులే అని తెలిసి చేసిన ప్రార్థన అది.

కాబట్టి ప్రార్థనకీ ప్రశ్నకీ తగవు లేదు. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు కనిపిస్తే రాసి పెట్టడమే మా పని. దాచిపెట్టినవాడు ఆ ప్రాజెక్టుకి మేలు చేసినవాడు కాడు. 2018 ఆగస్టులో పోప్ ఫ్రాన్సిస్ గారు గురువుల చేతిలో పిల్లలు పడిన బాధల గురించి విశ్వాసులందరికీ లేఖ రాశారు. అందులో అందరినీ ప్రార్థన, ఉపవాసం చేయమన్నారు. గురువులను నెత్తిన పెట్టుకునే ధోరణిని కూడా ఖండించారు. రెండూ ఒకే లేఖలో వున్నాయి. ఇక మన దేశంలో 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. అక్కడ జపమాల చెప్పుకుని ఊరుకోవడం భక్తి కాదు.

ఇంకో మాట. అవ్వ ఆఖరి రాత్రి గుర్తుందా? డ్యాం గేట్లు ఎత్తినారు. నురగ వంతెన మీదికి ఎక్కి దారి మూసుకుపోయింది. సాములోరు బైక్ మీద చుట్టు తిరిగి, తడిసి ముద్దయి వచ్చినారు. మన గుడిలో పూజంతా తమిళమే కదా, ఆయనకి తెలుగులో పరలోక జపం ఒక్కటే వచ్చు. అది కూడా అవ్వ నేర్పించిందే. అభ్యంగనం తమిళంలో ఇచ్చి, ఆ జపం మాత్రం తెలుగులో చెప్పినారు. అవ్వ పెదాలు కదిలినాయి. ఎన్నో గురువారాల కాఫీ ఎక్కడికి పోయిందో మేము లెక్క చెప్పలేము. ఆ రాత్రి మాత్రం ఆయన వచ్చినారు.

మన గడపల్లో పుట్టి, వేరే ఊర్లలో ఒంటరిగా వండుకు తింటూ, కొన్నేళ్ళకొకసారి బదిలీ అయ్యే మనుషులు వీళ్ళు. వాళ్ళ కోసం ఏదో ఒకటి వదులుకోవడం పెద్ద కష్టమా? కాఫీయే కానక్కర్లేదు. ప్రసంగం బాగాలేదని వాట్సాప్‌లో ఎగతాళి పెట్టే ముందు ఆపుకోవచ్చు. చెప్పాల్సింది వుంటే ఆయన ముఖం మీదే మర్యాదగా చెప్పొచ్చు, అది ఇంకా కష్టమైన త్యాగం. ఆదివారం ఒక పూట భోజనానికి పిలవొచ్చు.

పిల్లలను బలవంతం చేయవద్దని అమ్మకి చెప్పినాము. వాళ్ళు వదులుకునేది వాళ్ళే ఎంచుకోవాలి, ఊరికే అలవాటు కొద్దీ చేస్తే లాభం లేదు.

వచ్చే నెల కొత్త సాములోరు వస్తున్నారు. ఆయనకి తెలుగు అసలు రాదంట. మన వీధిలో పాపసంకీర్తనం తెలుగులో తప్ప చెప్పుకోలేని ముసలివాళ్ళు ఇంకా వున్నారు. అందుకే రాత్రి పూట టీవీ ముందు కూర్చునే అరగంట మానేసి, అమ్మ నోట్‌బుక్‌లోని జపాలు మళ్ళీ రాస్తున్నాము. ఈసారి తమిళ అక్షరాల్లో.