మన బిడ్డల చదువు – మన సంఘపు పూచీ



దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము మనకు తెలిసినదే. చెరగా బబులోనుకు వెళ్లిన యౌవనస్థులకు రాజు తన ఖర్చుతో మూడేండ్లు భోజనము, చదువు ఏర్పాటు చేశాడు. నేటి మాటలో అది స్కాలర్‌షిప్పే. అయితే నమ్మకముగా నిలిచే మనస్సు రాజు ఇచ్చినది కాదు; దానిని వారు ఇంటి నుండి తీసుకొని వెళ్లారు. ఆ నలుగురు ఒకరికొకరు తోడుగా కూడా ఉన్నారు.

కాలేజీకి వెళ్లే మన బిడ్డకు ఈ రెండూ కావాలి: ఫీజు కట్టే చెయ్యి, ప్రక్కన నిలిచే మనిషి.

అమెరికాకు చెందిన కంపాషన్ ఇంటర్నేషనల్ సంస్థ 1996లో ఫిలిప్పీన్స్‌లో ఇటువంటి పథకమే మొదలుపెట్టి, తరువాత ఇతర దేశాలకు విస్తరింపజేసింది. పేద క్రైస్తవ విద్యార్థులకు ఫీజుతో పాటు సలహా చెప్పే ఒక పెద్దను, నాయకత్వములో తర్ఫీదును ఇచ్చేది. ఆ సంస్థ మన దేశములో 1968 నుండి పనిచేసింది. విదేశీ నిధులకు ముందస్తు అనుమతి ఉండాలని 2016లో కేంద్ర హోంశాఖ ఆంక్ష పెట్టడముతో 2017 మార్చిలో ఇక్కడి పని ముగించింది. అంతవరకు సుమారు 1,45,000 మంది పిల్లలు దాని సహాయము పొందేవారు.

ఎవరినో నిందించి కూర్చుంటే బిడ్డ ఫీజు కట్టబడదు. పొరుగింటి నీళ్లు ఆగితే మన పెరటిలో బావి తవ్వుకోవాలి గదా!

మిజోరములో 1910 నుండి స్త్రీలు వంట చేసేటప్పుడెల్లా దేవుని పనికి పిడికెడు బియ్యము తీసిపెట్టుచున్నారు. మన తెలుగు సంఘాలలోను పిడికెడు బియ్యపు కానుక ఉన్నది. దానిలో ఒక భాగము చదువులకు ప్రత్యేకించరాదా?

అనకాపల్లి ప్రాంతములో చెరకు ఆడే రోజులలో రైతు చేతిలోను, కూలి చేతిలోను నాలుగు డబ్బులు ఆడతాయి. కాలేజీ ఫీజులు జూన్, జూలైలలో మీదపడేసరికి చేయి ఖాళీ. ఇక వడ్డీకి తేవడమో, ఆడపిల్ల చదువు మాన్పించడమో! కనుక బెల్లము అమ్మే దినాలలోనే కానుకలు ప్రోగుచేసి, సంఘము పేర ఖాతాలో వేయండి.

సంఘ పెద్దలకు నాలుగు మాటలు:

1. ఎవరి బిడ్డ అని చూడక, ఎవరికి ఎక్కువ అవసరమో చూడండి.

2. ప్రభుత్వ ఫీజు సహాయమునకు గడువులోగా దరఖాస్తు పెట్టించండి. చాలని సొమ్ము నేరుగా కాలేజీకే కట్టి, రసీదు సంఘము ఎదుట చదవండి.

3. సంఘములోని ఒక టీచరుగాని ఉద్యోగస్థుడుగాని నెలకొకసారి ఆ బిడ్డ కష్టసుఖాలు విచారించాలి.

4. ఆ బిడ్డ సెలవులలో సండేస్కూలు నడపాలి, పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పాలి. నాయకత్వము మైకు ముందు రాదు, ఇటువంటి పనిలోనే వస్తుంది.

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఇండ్లకు వెళ్లక ముందే, ఇంటర్‌తో చదువు ఆగిపోయిన బిడ్డలు మీ సంఘములో ఎందరో లెక్క చూడండి. ఒక్కరితోనైనా మొదలుపెట్టండి.

ప్రభువు మీ ప్రయత్నమును దీవించును గాక.