నీరు పల్లమెరుగు, పల్లంలో ఎవరున్నారు?

2005 సెప్టెంబరులో మా ఊరి గ్రంథాలయంలో సంతాప సభ పెట్టారు. అమెరికాలో కత్రినా తుఫానుకి న్యూ ఆర్లీన్స్ నగరం మునిగిపోయింది గదా, అందుకు. ఒక పెద్దమనిషి లేచి మాట్లాడాడు. ప్రకృతికి కులం లేదు, మతం లేదు, రంగు లేదు, తుఫాను ముందు అందరూ సమానమే అన్నాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఆ చప్పట్లకి ఇరవై ఏళ్ళుగా సిగ్గుపడుతున్నాను.

ఎందుకంటే నాకు తెలుసు. తెలిసీ కొట్టాను.

మాది బందరుకు దిగువన సముద్రం వాసనొచ్చే ఊరు. మేం నూర్‌బాషలం. దూదేకులోళ్ళం అనండి, ఊళ్ళో అందరూ అట్లాగే అంటారు. మా ఇంట్లో ఉర్దూ లేదు. నాయన దూదేకి పరుపులు కుట్టేవాడు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ప్రభుత్వ లెక్కలోనే పది వేల మంది దాకా పోయారు. మా ఊరు ఉప్పెన అంచున ఉంది కాబట్టి బతికాం. నాయన దూదంతా తడిసి కుళ్ళిపోయింది.

వారం తర్వాత బియ్యం పంచడానికి వచ్చారు. పుస్తకం పట్టుకున్నాయన పేరడిగాడు. నాయన చెప్పాడు. 'సాయిబులా? సాయిబుల లెక్క అయిపోయిందే' అన్నాడు. 'సాయిబులం కాదయ్యా, దూదేకులోళ్ళం' అన్నాడు నాయన. 'మరయితే హిందువులా?' నాయనకి ఏం చెప్పాలో తోచలేదు. వెనక వరసలో ఒకడు నవ్వాడు. 'వీళ్ళు రెండింటికీ చెడ్డోళ్ళండీ' అన్నాడు. బియ్యం చివరికి దొరికాయి, దొరకలేదని అబద్ధం చెప్పను. సాయంత్రం దాకా పక్కన నిలబెట్టి, మిగిలితే ఇచ్చారు. తుఫాను ముందు అందరూ సమానమే. తుఫాను వెళ్ళిపోయిన మర్నాడు పుస్తకం తెరుస్తారు చూడండి, ఆ పుస్తకం ముందు సమానం కాదు.

తుఫానుక్కూడా సమానం కాదని తర్వాత తెలిసింది. దివిసీమలో మట్టిగోడల ఇళ్ళెవరివి? కరకట్ట అవతల బతికిందెవరు? చేపలు పట్టేవాళ్ళు, కూలోళ్ళు, మాలమాదిగలు, యానాదులు. నీరు పల్లమెరుగు అంటారు మనవాళ్ళు. బాగానే ఉంది సామెత. ఆ పల్లంలోకి ఎవర్ని తోశారన్నది మాత్రం సామెతలో లేదు.

ఇప్పుడు న్యూ ఆర్లీన్స్‌కి వద్దాం. సముద్రమట్టం కంటే పల్లంలో పళ్ళెంలా ఉన్న ఊరు. చుట్టూ కట్టలు. ఆ కట్టలు కట్టింది అమెరికా సైన్యానికి చెందిన ఇంజనీర్లు. 2005 ఆగస్టు 29న తుఫాను తీరం దాటింది. నగరాన్ని ముంచింది గాలి కాదు, వాన కాదు. కాలవల కట్టలు తెగాయి. కట్టల లోపం తమదేనని ఆ ఇంజనీర్ల విభాగమే మర్నాటి ఏడాది ఒప్పుకుంది. నగరంలో నూటికి ఎనభై పాళ్ళు నీళ్ళలో ఉంది. చచ్చిపోయినవాళ్ళు 1,833 మంది అని చాలా ఏళ్ళు చెప్పారు. 2023లో అక్కడి తుఫాను కేంద్రమే దాన్ని 1,392కి సవరించింది. చావుల లెక్క తేలడానికి పద్దెనిమిదేళ్ళు పట్టిన దేశం మనకి పారదర్శకత నేర్పుతుంది.

ఆ నగరంలో అప్పుడు మూడింట రెండొంతుల మంది నల్లజాతివాళ్ళు. ఊరు ఖాళీ చెయ్యండని మేయరు ఆజ్ఞ ఇచ్చింది తుఫానుకి ముందురోజు. నాలుగిళ్ళలో ఒక ఇంటికి పైగా కారు లేదు. కారు లేనివాడు ఊరు ఎట్లా ఖాళీ చేస్తాడు? నెలాఖరు, చేతిలో డబ్బు లేదు. మిగిలినవాళ్ళని సూపర్‌డోమ్ అనే ఆటల స్టేడియంలోకి పొమ్మన్నారు. కొన్ని వేల మంది కన్వెన్షన్ సెంటర్ దగ్గర చేరారు. తాగునీళ్ళు లేవు, పాయిఖానాలు పనిచెయ్యవు. కుర్చీలో చచ్చిపోయిన ముసలావిడ మీద దుప్పటి కప్పి అట్లాగే వదిలేశారు. ఇదంతా టీవీలో ప్రపంచం చూసింది.

లేక్‌వ్యూ అనే తెల్లవాళ్ళ పేట కూడా మునిగింది. నిజమే. దాన్ని చూపించి 'చూశారా, నీళ్ళకి రంగు లేదు' అనేవాళ్ళున్నారు. వాళ్ళకి నాదొక్కటే ప్రశ్న. తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నదెవరు? ఇళ్ళు కట్టుకోవడానికి సర్కారు 'రోడ్ హోమ్' అని ఒక పథకం పెట్టింది. ఇల్లు బాగు చెయ్యడానికి ఎంతవుతుందో అది కాదు, తుఫానుకి ముందు ఇంటి ధర తక్కువైతే ఆ ధరే లెక్క. నల్లవాళ్ళ పేటలో అదే ఇల్లు, అదే కలప, అన్నే గదులు, ధర తక్కువ. కాబట్టి సాయం తక్కువ. కోర్టుకెక్కారు. 2011లో 6 కోట్ల 20 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. అప్పటికి ఆరేళ్ళు. ఆరేళ్ళు ఎవడు గుడారంలో కూర్చుంటాడు? ఎక్కడివాళ్ళక్కడ స్థిరపడిపోయారు. 2000 నుంచి 2010 లోపల ఆ ఊళ్ళో నల్లవాళ్ళు లక్షమందికి పైగా తగ్గిపోయారు. సర్కారీ వాటాల ఇళ్ళనీ కూలగొట్టారు. దాదాపు 4,500 ఇళ్ళు. 2007 డిసెంబరులో నగర కౌన్సిలు ఓటేస్తుంటే లోపలికి రానివ్వని జనాన్ని గేటు దగ్గర పోలీసులు మిరియాల పొగ కొట్టి తరిమారు. మా వల్ల కాని పని దేవుడు చేశాడని అర్థం వచ్చేట్టు ఒక కాంగ్రెస్ సభ్యుడు అన్నాడని పత్రికల్లో వచ్చింది. దేవుణ్ణి కూడా మునిసిపల్ కాంట్రాక్టరుగా పెట్టుకున్నారన్నమాట.

అన్నం కోసం దుకాణంలోంచి సరుకు పట్టుకుని రొమ్ములోతు నీళ్ళలో నడుస్తున్న మనుషుల ఫోటోలు రెండు ఆగస్టు 30న వచ్చాయి. నల్ల కుర్రాడి బొమ్మ కింద 'లూటీ చేసి' అని రాశారు. తెల్ల జంట బొమ్మ కింద 'దొరకబుచ్చుకుని' అని రాశారు. వేర్వేరు ఏజెన్సీలు, వేర్వేరు ఫోటోగ్రాఫర్లు, కావాలని చెయ్యలేదని సంజాయిషీ ఇచ్చారు. నేను నమ్ముతాను. కావాలని చెయ్యరు. చేతికి అలవాటైపోయి ఉంటుంది. పేలుడు జరిగిన గంటకే మనవాళ్ళ పేర్లు పత్రికలకెక్కడం కూడా అట్లాంటి అలవాటే. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాదు కుర్రాళ్ళని పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. కోర్టులు వాళ్ళని వదిలేశాయి. అప్పుడు రాసిన అక్షరాలు ఎవరు చెరుపుతారు?

సెప్టెంబరు 1న కొందరు నడిచి నది వంతెన దాటి గ్రెట్నా అనే పక్క ఊరికి పోబోతే అక్కడి పోలీసులు తలల మీదుగా తుపాకులు పేల్చి వెనక్కి పంపారు. సెప్టెంబరు 4న డాంజిగర్ వంతెన మీద నిరాయుధుల్ని కాల్చారు. ఇద్దరు చచ్చిపోయారు. ఒకడికి పదిహేడేళ్ళు, ఒకాయన మతి స్థిమితం లేని మనిషి. నలుగురు గాయపడ్డారు. పోలీసులు అబద్ధపు కేసు అల్లారు. ఆ కేసు తేలేసరికి 2016 వచ్చింది.

ఇంకొకటి చెప్పాలి. అన్నం పెట్టలేని సర్కారు, నీళ్ళివ్వలేని సర్కారు, శవాన్ని తియ్యలేని సర్కారు ఆ వారంలో ఒక్కటి మాత్రం చకచకా కట్టింది. జైలు. బస్టాండులో, బస్సులు ఆగే చోట ఇనప కంచె బోనులు. క్యాంప్ గ్రేహౌండ్ అని పేరు. అంగోలా జైలు ఖైదీలతో కట్టించారు. అంగోలా అంటే ఒకప్పటి బానిసల తోట. ఆ బానిసల్ని ఏ దేశం నుంచి తెచ్చారో ఆ పేరే తోటకి పెట్టారు, తోట పేరే జైలుకి ఉంది.

ఆ బోనులో ఒక ముస్లిం ఉన్నాడు. సిరియాలో పుట్టి అక్కడ రంగులేసే కాంట్రాక్టు చేసుకునే మనిషి. చిన్న పడవ వేసుకుని మునిగిన వీధుల్లో తిరిగి జనాన్ని కాపాడాడు. సొంత ఇంట్లో ఉండగా పట్టుకుపోయారు. అల్ ఖైదా అన్నారట, తాలిబాన్ అన్నారట. మూడు వారాలకి పైగా లోపలున్నాడు. ఆ కథ మీద పెద్ద పుస్తకమే వచ్చింది. మన జమాతుల్లో, మన చిన్న పత్రికల్లో ఆ కథ చెప్పుకున్నారు. చూశారా, అమెరికాలో ముస్లిముకి ఎంత అన్యాయమో అని.

ఇక్కడే నా తగువు. మనవాళ్ళతోనే.

ఆ బోనుల్లో ఒక్క సిరియా మనిషే ఉన్నాడా? పక్క బోనుల్లో ఉన్న నల్లవాళ్ళెవరూ మనకి కనపడలేదేం? అమెరికా ముస్లింలలో అయిదింట ఒకరు నల్లవాళ్ళు. ఆ గడ్డ మీద మొదటి నమాజు చేసింది పశ్చిమ ఆఫ్రికా నుంచి గొలుసులతో వచ్చిన బానిసలు. మాల్కం ఎక్స్ మనవాడు, మహమ్మద్ అలీ మనవాడు అంటాం. జుమా ప్రసంగంలో హజ్రత్ బిలాల్ పేరు వస్తే కళ్ళు తడుపుకుంటాం. బయటికొచ్చాక? హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. నిజాం దగ్గర ఆఫ్రికా గుర్రపు దళంలో ఉన్న సిద్దీల పేరు మీద వచ్చిన బస్తీ అది. వాళ్ళ మర్ఫా లేకపోతే మన బరాత్ కదలదు. మర్ఫా కావాలి, వియ్యం మాత్రం వద్దు. నన్ను మసీదులో 'దూదేకులోడు నమాజు ఎప్పుడు నేర్చాడురా' అన్న నోరు సిద్దీని ఏమంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

హూస్టన్‌లో ఉన్న నా చిన్ననాటి స్నేహితుడు ఆ నెలలోనే ఫోన్ చేశాడు. న్యూ ఆర్లీన్స్ నుంచి తరలించిన వేలాది మందిని వాళ్ళ ఊళ్ళోనే ఆస్ట్రోడోమ్‌లో పెట్టారు. 'ఈ కల్లుగాళ్ళు పని చెయ్యర్రా, సర్కారు డబ్బు తింటార్రా, మా పేట పాడైపోతుంది' అన్నాడు. నాకు ఎక్కడో విన్నట్టనిపించింది. సరిగ్గా అదే ఏడాది మన రాష్ట్రంలో ముస్లింలకి అయిదు శాతం రిజర్వేషన్ తెచ్చారు, నవంబరుకల్లా హైకోర్టు కొట్టేసింది. ఆ గొడవ నడుస్తున్నప్పుడు ఇదే స్నేహితుడు 'వాళ్ళు చదవరు, పిల్లల్ని కంటారు, కూర్చోబెట్టి మేపాలా' అన్నాడు. నేను అందులో వాడినని గుర్తురాక అన్నాడు. గుర్తొచ్చాక 'నువ్వు వేరేలేరా, మా దాంట్లో వాడివి' అన్నాడు. మాట మార్చలేదు, మనిషిని మార్చాడంతే.

వాడికి నేనొకటి చెప్పాలనుకుని చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను. ఒరేయ్, 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయుడు తెల్లవాడు కాడు, పౌరసత్వానికి పనికిరాడు అని తేల్చింది. 1965లో మనకి ఆ తలుపు బార్లా తెరిచిన చట్టం వచ్చిందంటే, అది దక్షిణాన నల్లవాళ్ళు కుక్కలచేత కరిపించుకుని, లాఠీలు తిని నడిపిన పోరాటం పుట్టించిన గాలిలో వచ్చింది. నీ వీసా మీద వాళ్ళ నెత్తురుంది. నీ పేటలో ఇల్లు మునిగి నిలబడ్డ ఆడమనిషి నీకు అప్పిచ్చినావిడ.

మనవాడు కుర్చీలో ఉంటే చాలనుకునేవాళ్ళకి కూడా ఒక మాట. న్యూ ఆర్లీన్స్ మేయరు రే నాగిన్ నల్లవాడే. కాంట్రాక్టుల లంచాల కేసులో 2014లో పదేళ్ళ శిక్ష పడింది. డాంజిగర్ వంతెన మీద కాల్చిన పోలీసుల్లోనూ నల్లవాడున్నాడు. 2020 అక్టోబరులో హైదరాబాదులో గుర్రం చెరువుకి గండి పడి హాఫిజ్ బాబానగర్ మునిగినప్పుడు ఆ చుట్టుపక్కల కార్పొరేటర్లూ ఎమ్మెల్యేలూ 'మనవాళ్ళే'. చెరువు శిఖంలో ప్లాట్లు కొట్టి అమ్ముతుంటే మనవాళ్ళు ఏం చేస్తున్నారు? ఆ బురద ఆరకముందే నగరపాలక ఎన్నికలొచ్చాయి. ఇంటికి పదివేల వరద సాయం మీద రాజకీయం చేసుకున్నారు, ఎన్నికల సంఘం ఆపించింది. బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు తాము గెలిస్తే పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నాడు. ఇళ్ళలోంచి బురద ఎత్తిపోసుకుంటున్నవాళ్ళ మీద! దానికి ఎదురు అరిచి ఇటువాళ్ళు ఓట్లు కూడగట్టుకున్నారు. నాలా ఎవరు పూడ్చారు, చెరువు ఎవరు మింగారు అనే ప్రశ్న రెండు అరుపుల మధ్య ఎక్కడో పడిపోయింది. అది రెండు పక్షాలకీ హాయి.

అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుఫాన్ల కాలం. మనకి అక్టోబరు, నవంబరు వస్తే గుండెల్లో దడ. నిరుడు ఆ రోజుల్లోనే మా ఊరు వెళ్ళాను. ఉప్పెన తర్వాత కట్టిన తుఫాను ఆశ్రయ భవనం ఇప్పుడూ ఉంది, సున్నం కూడా వేశారు. తలుపుకి పెద్ద తాళం. లోపల వడ్ల బస్తాలున్నట్టు కిటికీలోంచి కనిపించింది. గాలివాన వస్తే తాళం చెవి ఎవరి దగ్గరుంటుందని పల్లెలో ఒక ముసలమ్మనడిగాను.

'పెద్దోరింట్లో ఉంటది నాయనా. ఆళ్ళు మేడ మీద పడుకుంటారు. లేపాలి.'