అమ్మ వైపు డబ్బు, నాన్న వైపు గొప్ప

పెళ్లి సంబంధాల మాటలప్పుడు వింటూనే ఉంటాం కదూ! “వాళ్లకి డబ్బుంది గానీ వంశం ఏపాటిది?” అని ఒకరంటే, “వంశాన్ని వండుకు తింటామా?” అని ఇంకొకరు. ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే పిల్లవాడి మనసులో పడి కొట్టుకుంటే ఏమవుతుందో ఈ వారం చెప్పుకుందాం.

ఆ పిల్లవాడు అమెరికన్ నవలా రచయిత స్కాట్ ఫిట్జెరాల్డ్. 1925లో వచ్చిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ ఈయన రాసిందే. 1896లో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో పుట్టాడు. తల్లి మాలీ ఐరిష్ వాళ్ల అమ్మాయి. ఆమె తండ్రి చిన్నతనంలోనే ఐర్లండ్ నుంచి అమెరికా వచ్చి, పెద్దయ్యాక టోకు కిరాణా వ్యాపారం చేశాడు. 1877లో 43 ఏళ్లకే పోయినా, రెండున్నర లక్షల డాలర్లకు పైగా ఇంటికి మిగిల్చాడు.

తండ్రి ఎడ్వర్డ్‌కి మేరీలాండ్‌లోని పాత కుటుంబాలతో బంధుత్వం. అమెరికా జాతీయ గీతం రాసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ వాళ్లకు దూరపు చుట్టం. అందుకే పిల్లవాడికి ఆ పేరు పెట్టారు. పేరు గొప్పదే గానీ పాపం, ఎడ్వర్డ్‌కి ఏ వ్యాపారమూ అచ్చిరాలేదు. 1908లో ఉన్న ఉద్యోగమూ ఊడింది. ఆ కబురు తెలియగానే, పదకొండేళ్ల స్కాట్ ఈతకు వెళ్లడానికి అమ్మ ఇచ్చిన పావు డాలరు అమ్మ చేతిలోనే పెట్టేశాడట! ఆ తర్వాత సంసారం గడిచింది అమ్మ పుట్టింటి డబ్బుతోనే. 1913లో అతను ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో చేరగలిగాడన్నా అమ్మమ్మ మిగిల్చిన ఆస్తి వల్లే.

మరి అన్నం పెట్టిన వైపంటే ఎందుకంత చిన్నతనం? 1845 తర్వాత బంగాళాదుంప పంట తెగులుతో పోయి, ఐర్లండ్‌లో ఘోరమైన కరువు వచ్చింది. లక్షలాది మంది అమెరికా చేరారు. ఆడవాళ్లు ఇళ్లలో పనికి కుదిరారు, మగవాళ్లు కాలవలు తవ్వారు. వీళ్లు బీదవాళ్లనీ, పైగా క్యాథలిక్కులనీ అక్కడి పాతవాళ్లకు చులకన. ఆ చులకన తర్వాతి తరాలనూ వదల్లేదు.

1933లో తోటి రచయిత జాన్ ఒహారాకు ఫిట్జెరాల్డ్ ఒక ఉత్తరం రాశాడు. తనలో సగం ఐరిష్, సగం పాత అమెరికా అనీ, డబ్బున్న ఐరిష్ వైపువాళ్లు మేరీలాండ్ వాళ్లను తక్కువగా చూసేవాళ్లనీ, ఆ రెండింటి మధ్యా తనకు న్యూనతాభావం పట్టుకుందనీ అందులో చెప్పుకున్నాడు. తమాషా చూడండి, ఫిట్జెరాల్డ్ అన్న ఇంటిపేరు కూడా ఐరిష్ పేరే! దాచుకుందామన్నా దాగదు.

అలాగని పూర్తిగా వదులుకున్నాడా అంటే అదీ లేదు. బడిలో ఉండగా ఫాదర్ ఫే అనే మతగురువు చేరదీసి, ఐరిష్‌తనంలోనూ అందం ఉందని చూపించాడు. 1920లో వచ్చిన మొదటి నవలను ఫిట్జెరాల్డ్ ఆయనకే అంకితమిచ్చాడు. అందులో కథానాయకుడి తల్లి ఒక సంపన్న ఐరిష్ ఇంటి ఆడపడుచు, మహా నాజూకైన మనిషి. సొంత తల్లి మాత్రం కట్టూబొట్టూ పట్టించుకునే మనిషి కాదు. ఎలాంటి అమ్మ కావాలనుకున్నాడో కథలో రాసుకున్నాడేమో అనిపిస్తుంది నాకు.

1940లో, 44 ఏళ్లకే ఆయన పోయాడు. మతాచారాలు పాటించలేదని క్యాథలిక్ శ్మశానంలో అప్పుడు చోటివ్వలేదు. 1975లో గానీ ఆయన్ని మేరీలాండ్‌లో తండ్రివాళ్ల సమాధుల దగ్గరికి చేర్చలేదు.

మన పిల్లలకు తాతముత్తాతల గురించి చెప్పేటప్పుడు పదవులూ బిరుదులూ చెబుతాం. మంచిదే. దాంతోపాటు కొట్లో కూర్చుని కాణీకాణీ కూడబెట్టిన తాతయ్య గురించీ, ఆ డబ్బుతో ఇల్లు నిలబెట్టిన అమ్మమ్మ గురించీ చెబుదాం. వినని పిల్లలు రేపు వాళ్లను చూసి సిగ్గుపడితే, ఆ తప్పు పిల్లలదంటారా?