నూనె పోయడం మరమ్మతు కాదు

అచ్యుతాపురంలో మా ఇంటి ముందు అబ్బాజాన్ పాత జీపు ఆగితే కింద మరక తప్పదు. "పాత బండి, కారకుండా ఉంటుందా?" అని మెహమాన్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

మొన్న ఈద్‌కు బయల్దేరుతుంటే వెనక చక్రం లోపలివైపు తడి కనిపించింది. చూస్తే బ్రేక్ ఆయిల్. వీల్ సిలిండర్‌లో రబ్బరు కప్పు అరిగిపోయింది. నెల రోజులుగా డబ్బాలో ఆయిల్ తగ్గుతుంటే పోస్తూ వచ్చానే గానీ, ఎటు పోతోందని చూడలేదు. అది పొదుపు కాదు, గఫ్లత్. బండిలో బీవీ, పిల్లలు.

ఇంజన్ ఆయిల్ సంగతీ అంతే. బయట సీలెంట్ పూస్తే నాలుగు రోజులు ఆగుతుంది. బ్రీదర్ గొట్టం మూసుకుపోతే లోపలి ఒత్తిడే నూనెను సీళ్ల సందుల్లోంచి బయటికి తోస్తుంది. ముందు దాన్ని శుభ్రం చేయాలి.

1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్‌గా పుట్టి, మలిక్ గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లాక 1948లో పేరు మార్చుకున్న కంపెనీ, విడిభాగాలు తెప్పించి బిగించడంతోనే ఈ జీపుల కథ మొదలుపెట్టింది. బిగించిన బండిని విప్పి చూడొచ్చు. మనకు బహానా లేదు.

అబ్బా నిషానీ అని ఉంచుకుంటే సరిపోదు. దాని హక్కు కూడా అదా చేయాలి. ఈ జుమ్మా నమాజ్ తర్వాత మీ బండి కింద ఒకసారి వంగి చూడండి.