సినిమాలో కులం పెట్టింది ఎవరు? చూసింది ఎవరు?

సినిమా అంటే వినోదం, దాంట్లో కులాన్ని వెతకొద్దు అని మనకు బుద్ధులు చెప్పేవాళ్ళు ఎక్కువైపోయారు. ఈ మాట చెప్పేది ఎవరో గమనించండి. కులం అడక్కుండా ఇల్లు అద్దెకివ్వనివాళ్ళు. కులం చూడకుండా పిల్లకి సంబంధం చూడనివాళ్ళు. కులం లెక్కెయ్యకుండా పార్టీ టికెట్టు ఇవ్వనివాళ్ళు. ఇన్నిచోట్ల కులాన్ని భూతద్దం పెట్టి చూసే పెద్దమనుషులకి ఒక్క సినిమా హాల్లోకి అడుగుపెట్టగానే కులం కనపడకుండా పోతుంది. ఎందుకు పోతుందో ఈ పక్షం మాట్లాడుకుందాం.

విషయం ఇది. విజయవాడ వన్‌టౌన్‌లో కొండమీద ఇళ్ళల్లో ఉండే మన కుర్రాడొకడు డిగ్రీ చదువుతున్నాడు. తండ్రి మార్కెట్లో మూటలు మోస్తాడు. తల్లి నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది. కాలేజీలో పిల్లలందర్నీ 'నాకు నచ్చిన సినిమాలు, ఈమధ్య చూసిన సినిమాలు' అనే విషయం మీద రాయమన్నారు. మనవాడు ఆరు పేజీలు రాశాడు. మాస్టారు ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, "సినిమా గురించి రాయమంటే కులం గురించి రాశావేంటి?" అన్నారట. క్లాసంతా నవ్విందట.

ఆ ఆరు పేజీలూ మేం చదివాం. కుర్రాడు రాసింది సినిమా గురించే. ఆ కాలేజీ పేరూ, మాస్టారి పేరూ మాకు అక్కర్లేదు. ఆ మాట ఒక్క కాలేజీలో పుట్టిందీ కాదు, ఒక్క మాస్టారితో పోయేదీ కాదు. అందుకే జవాబు చెప్పాల్సి వస్తోంది.

కుర్రాడు ఏం రాశాడు?

నాకు బాగా నచ్చిన సినిమా 'కలర్ ఫొటో', బాగా కోపం తెప్పించిందీ అదే అని మొదలుపెట్టాడు. 2020లో వచ్చిన సినిమా అది. మన బందరు కథ. పాలుపోసుకుంటూ ఇంజనీరింగు చదివే నల్లటి కుర్రాడు, తెల్లటి పిల్ల, పోలీసు అన్న. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా ఇచ్చారు. కుర్రాడు ఏడుస్తూ చూశానన్నాడు. ఏడ్చాక ఒక ప్రశ్న అడిగాడు: ఒంటిరంగు నలుపైతేనే పిల్లనివ్వరా? కృష్ణాజిల్లాలో నల్లగా ఉన్న చౌదరిగారి అబ్బాయికి పెళ్ళి ఆగిందా? ఎర్రగా, బుర్రగా ఉన్న మాదిగ పిల్లోడిని ఏ రాజుగారైనా, ఏ రెడ్డిగారైనా అల్లుడా రమ్మని పిలిచారా? అడ్డంగా ఉన్న గోడ కులమైతే, సినిమా దానికి రంగు అని పేరు పెట్టింది. పేరు మార్చాక చూసినవాళ్ళందరూ హాయిగా ఏడవొచ్చు. ఎవరి ఇంటి తలుపూ తట్టినట్టుండదు.

'రంగస్థలం' గురించి రాశాడు. 2018లో వచ్చింది. గోదావరి జిల్లాల పల్లెటూరు, ముప్ఫై ఏళ్ళుగా ఏలుతున్న ప్రెసిడెంటు, ఎదురుతిరిగిన అన్నదమ్ములు. సినిమా అంతా ప్రెసిడెంటే శత్రువనుకుంటాం. చివరికొచ్చేసరికి అన్నను చంపించింది తన కూతుర్ని ప్రేమించాడని ఓర్వలేకపోయిన మరో పెద్దమనిషి అని తేలుతుంది. అంటే పరువు హత్య. మరి చచ్చిపోయినవాడు ఏ కులం? ఏ పేట? మూడుగంటల సినిమాలో ఒక్కసారి పేరెత్తలేదేం? చచ్చేదాకా మనల్ని తెరమీద ఉంచుతారు గాని, చచ్చినవాడు ఫలానావాడని చెప్పరు అని రాశాడు కుర్రాడు. ఈ మాటలో అబద్ధం ఉంటే మాస్టారు చెప్పాలి.

'నారప్ప' 2021లో వచ్చింది. హాళ్ళకు రాలేదు, సెల్‌ఫోన్లోనే చూశాడు. అంతకుముందు అదే కథ తమిళంలో 'అసురన్' పేరుతో 2019లో వచ్చింది. పూమణి రాసిన నవల దానికి మూలం. తమిళ సినిమా పంచమి భూముల పేరెత్తి మాట్లాడింది. బ్రిటిషువాళ్ళ కాలంలో దళితులకిచ్చిన భూములు ఎవరి చేతుల్లోకి పోయాయో నిలదీసింది. 1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మందిని గుడిసెలో పెట్టి కాల్చిన మంట కూడా ఆ సినిమాలో ఉంది. తెలుగులోకి వచ్చేసరికి అది ఒక కుటుంబం పగగా, ఒక చెలక తగాదాగా మిగిలింది. మన దగ్గర అట్లాంటి భూమి కథ లేదా? కృష్ణ పొడుగునా లంక భూములు ఎవరివి, దున్నుకునేది ఎవరు? డి పట్టా కాగితం మాలపల్లెలో, పొలం మోతుబరి చేతిలో ఉన్న ఊళ్ళు మనకు తెలియవా?

ఇక 'కబాలి'. 2016లో పా. రంజిత్ తీసిన తమిళ సినిమా. జైల్లో ఉన్న రజనీకాంత్ చేతిలో ఒక పుస్తకం కనపడుతుంది. 'మై ఫాదర్ బాలయ్య'. ఆ పుస్తకం రాసింది వై.బి. సత్యనారాయణ. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి రైల్వేలో చాకిరీ చేసి పిల్లల్ని చదివించిన మాదిగ కుటుంబం కథ అది. మనవాళ్ళ కథ. తెలుగు దళితుడు రాసిన పుస్తకాన్ని అంతపెద్ద స్టారు చేతిలో పెట్టడానికి మద్రాసు నుంచి ఒక తమిళ దర్శకుడు రావాల్సొచ్చింది. హైదరాబాదులో అన్ని స్టూడియోలుండి, గాంధీనగరంలో అన్ని డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులుండి, మనవాళ్ళలో ఒక్కడికీ ఆ పని చెయ్యబుద్ధి కాలేదేం అని అడిగాడు కుర్రాడు. ఈ పేజీ మీదే మాస్టారు గట్టిగా గీత కొట్టారు.

మాలపిల్ల నాటినుంచీ ఇదే వరస

మాస్టారూ, సినిమాలో కులాన్ని మావాడు తెచ్చిపెట్టలేదు. మీ తాతలనాటి సినిమాలోనే అది ఉంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. కథ చలంగారిది. డబ్బు చల్లపల్లి జమీందారు అండతో నడిచిన సారథి వారిది. ఆ రోజుల్లో గుడిప్రవేశం గురించి సినిమా తియ్యడం చిన్న సంగతి కాదు, మేం కాదనం. కాని ఆ కథలో తలుపు తెరుచుకునేది ఎప్పుడు? హరిజనుడు ప్రాణాలకు తెగించి మంటల్లోంచి శాస్త్రిగారి భార్యను కాపాడాక, శాస్త్రిగారి మనసు కరిగాక. 1981లో వచ్చిన 'సప్తపది' చూడండి. అక్కడా హరిజన కుర్రాడి ప్రేమ నెగ్గాలంటే అగ్రహారం పెద్దాయన మనసు కరగాలి. నలభై మూడేళ్ళు తిరిగినా మనం చెయ్యాల్సింది ఎదురుచూడడమే. మరుసటి సంవత్సరం 1939లో అదే సారథి వారు 'రైతుబిడ్డ' తీశారు. జమీందార్ల మీద సినిమాకి జమీందారు డబ్బు! మనమీద సినిమా అయినా, మనకోసం సినిమా అయినా, పెట్టుబడి ఎవరిది, కలం ఎవరిది అనే ప్రశ్న ఆనాడే పుట్టింది.

అదే కాలంలో, 1930 ప్రాంతంలో, కేరళలో ఏం జరిగిందో కూడా వినండి. మలయాళంలో మొదటి సినిమా 'విగతకుమారన్'. దాంట్లో నాయరు స్త్రీ వేషం వేసింది రోజీ అనే దళిత యువతి. ఒక దళిత స్త్రీ నాయరు పడుచుగా తెరమీద కనపడేసరికి చూడ్డానికొచ్చిన పెద్దలు ఓర్చుకోలేకపోయారు. తెరమీద రాళ్ళు వేశారు. ఆమె ఊరొదిలి తమిళదేశానికి పారిపోయి, పేరు దాచుకుని బతికింది. మన వేషం ఎవరైనా వెయ్యొచ్చు, చప్పట్లు కొట్టించుకోవచ్చు. వాళ్ళ వేషం మనం వేస్తే ఊరు విడిచిపోవాలి. సినిమాకి కులం లేదని ఇంకా అంటారా?

చుండూరు హాల్లో ఏ సినిమా ఆడిందో ఎవరికి గుర్తు?

అంతదూరం ఎందుకు, విజయవాడలో కృష్ణ దాటి తెనాలి దాకా పోతే చాలు. చుండూరు అక్కడికి దగ్గరే. 1991 జూలైలో చుండూరు సినిమా హాల్లో పెద్దచదువు చదువుకుంటున్న దళిత కుర్రాడి కాలు ముందు కుర్చీలోని రెడ్డి కుర్రాడికి తగిలింది. తగిలింది, అంతే. దానిమీద గొడవ, దాని వెనక సాంఘిక బహిష్కరణ, పనుల్లేకుండా ఆకలికి మాడ్చడం. ఆగస్టు 6న ఊరు ఊరంతా కత్తులు పట్టుకుని మాలపల్లె మీద పడింది. పోలీసులు పారిపొమ్మని చెప్పిన దారిలోనే కాపు కాసి 8 మందిని నరికారు. గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. దళితులు పట్టుబట్టి చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

మాస్టారూ, ఆ కుర్రాడు హాల్లో కూర్చున్నప్పుడు కులం గురించి ఆలోచిస్తూ కూర్చోలేదు. మీరు చెప్పినట్టు వినోదం కోసమే వెళ్ళాడు. టికెట్టు కొనుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. అంతకుముందు తరాలు నేల టికెట్టులో కూర్చున్నప్పుడు ఎవరికీ కాలు తగల్లేదు. చదువుకుని, తలదువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చోగానే కాలు తగిలింది. తగిలింది కాలు కాదు, ఆ కుర్చీ. మనవాళ్ళు కుర్చీలో కూర్చోవడానికి అంత ఖర్చయింది. అట్లాంటి కుర్చీలో కూర్చుని చూసిన సినిమా మీద మావాడు అభిప్రాయం చెబితే, దానిమీద ఎర్ర గీత కొడతారా?

మన ఇంటి సంగతి కూడా

మనలో మనం కూడా మాట్లాడుకోవాలి. ఏ హీరో సినిమా వచ్చినా తెల్లారుజామున కటౌట్‌కి దండ వేసేది ఎవరు? నిచ్చెనెక్కి పాలు పోసేది ఎవరు? ఫ్లెక్సీ చింపారని తలలు పగలగొట్టుకునేది ఎవరు? ఎక్కువమంది మన కుర్రాళ్ళే. హీరోల అభిమాన సంఘాల వెనక ఏ హీరోకి ఏ కులమో డెల్టాలో చంటిపిల్లాడికి తెలుసు. అధ్యక్షుడు వాళ్ళవాడు, దండ మోసేది మనవాడు. ఇంట్లో పాలచుక్క లేని పిల్లోడు కటౌట్‌కి లీటర్లు పోస్తున్నాడంటే మనం సిగ్గుపడాలి. ఆడపిల్లల సంగతి సరేసరి. 1997లో 'ఒసేయ్ రాములమ్మా' వచ్చినప్పుడు దొరను ఎదిరించిన ఆడదాన్ని చూసి మన అక్కచెల్లెళ్ళు ఈలలు వేశారు. బాగుంది. కాని పేరు చూడండి. ఆమెను సినిమా పిలిచింది దొర పిలిచే పిలుపుతోనే.

మంచిని మంచే అంటాం. 2020లో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' కులాన్ని దాచకుండా చెప్పింది. 2021లో వచ్చిన 'లవ్ స్టోరీ'లో పెద్ద కుటుంబం హీరో దళిత కుర్రాడి వేషం వేశాడు. తమిళంలో మారి సెల్వరాజ్ 2018లో తీసిన 'పరియేరుం పెరుమాళ్' లా కాలేజీ బెంచీ మీద మన కుర్రాడు పడే అవమానాన్ని ఉన్నదున్నట్టు చూపించింది. మరాఠీలో నాగరాజ్ మంజులే 'ఫాండ్రీ', 'సైరాట్' తీశాడు. మనవాడి కాగితాల్లో వీటిని మెచ్చుకుంటూ రెండు పేజీలున్నాయి. అంటే కులం పేరెత్తితే సినిమా పాడవదు. జనం చూస్తారు. 'సైరాట్' అంత ఆడిన మరాఠీ సినిమా అంతకుముందు లేదు.

మరి తెలుగువాళ్ళకేం భయం? పేరు పలికితే ఏమవుతుందో మనం చూశాం. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. 2024 జనవరి 19న ఇదే విజయవాడలో స్వరాజ్య మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. విగ్రహానికి దండలేస్తారు. ఆయన చెప్పిన మాటని సినిమాలో పెట్టమంటే మాత్రం మార్కెట్టు ఉండదంటారు. హాల్లో టికెట్టు కొనేది మనం. హాలు ఊడ్చేది మనం. సెట్టు మోసేది, లైటు పట్టుకునేది మనం. మార్కెట్టంటే మనం కాదా?

చెయ్యాల్సింది

కార్యకర్తలకి మేం చెప్పేది ఇది. పేటల్లో పండక్కి తెర కట్టి సినిమా వేస్తున్నారు. వెయ్యండి. సినిమా అయ్యాక లైటు వేసి అరగంట అందర్నీ కూర్చోబెట్టండి. నాలుగే ప్రశ్నలు అడగండి. ఈ కథలో మనవాళ్ళు ఎవరు? వాళ్ళకి పేరుందా, ఇంటిపేరుందా, పొలముందా? గెలిచింది మన తెగువ వల్లా, పెద్దాయన దయ వల్లా? ఈ కథ రాసింది, డబ్బు పెట్టింది ఎవరు? ముసలమ్మలు మాట్లాడాలి, ఆడపిల్లలు మాట్లాడాలి, హైస్కూలు పిల్లలు రాయాలి. రాసిన కాగితాలు మాకు పంపండి. తప్పులున్నా సరే, అచ్చువేస్తాం.

వన్‌టౌన్ తమ్ముడూ, నీ ఆరు పేజీలూ వచ్చే సంచికలో వేస్తున్నాం. ఎర్ర గీతలు తీసేసి, నువ్వు రాసింది రాసినట్టే వేస్తున్నాం. పుస్తకాలు చదువుకో, పరీక్షలు రాసుకో, సినిమాలు చూడు. కెమెరా దొరికితే పట్టుకో. కుర్చీలో మాత్రం వెనక్కి ఆనుకుని కూర్చో.

జై భీమ్!