ఎర్ర చింత నాటే ముందు

హిందూపురం: చింతపండు వ్యాపారానికి హిందూపురం మార్కెట్టు పేరెన్నికగన్నది. ఇక్కడ కరిపులి రకానికి మేలు ధర, ఫ్లవర్ రకానికి తక్కువ ధర పలుకుతుంది. ఇప్పుడు మరో రకం మాట వినవస్తున్నది. అనంతపురం ఉద్యాన పరిశోధన కేంద్రం వెలువరించిన ‘అనంత రుధిర’ కాయను విరిస్తే లోన గుజ్జు ఎర్రగా ఉంటుంది. ఆంథోసయనిన్ అనే పదార్థమే ఆ రంగుకు కారణం.

వానకు ఎదురుచూచి వేరుశనగ ఎండిపోయే పెనుకొండ, ధర్మవరం మెట్టపొలాలలో కూడా చింత తట్టుకొని నిలబడుతుంది. కనుక కొత్త రకం స్వాగతించదగినదే. కాని రైతు రెండు సంగతులు గమనించాలి. గింజ నాటితే తల్లిచెట్టు గుణం వస్తుందన్న నమ్మకం లేదు. కాపుకు ఎనిమిది, పదేండ్లు పట్టవచ్చు. అంటుమొక్క అయితే నాలుగైదేండ్లకే కాపు మొదలవుతుంది. ఇక రెండవది బేరం సంగతి. చారుకు, పులుసుకు మన ఇల్లాండ్రు అలవాటుపడినది మామూలు పండుకే. ఎర్ర పండును కొనేదెవరు? ఏ ధరకు?

ఈ ప్రశ్నకు రైతు ఒక్కడే జవాబు వెతుక్కోలేడు. ఉద్యానశాఖ నమ్మకమైన అంటుమొక్కలను మండల కేంద్రాలలోనే అందించాలి. మార్కెట్ కమిటీ ఎర్ర పండును వేరు రాశిగా పోయించి వేలం వేయించాలి. లేకుంటే అది ఫ్లవర్ రాశిలోనే కలిసిపోతుంది. ఐదేండ్ల కష్టం మట్టిపాలవుతుంది.

అంతవరకు గట్టుమీద నాలుగు మొక్కలు నాటి చూచుకొనుట మేలు. కొత్తదానికోసం తాత నాటిన చెట్టును మాత్రం నరకరాదు. ఏటా ఇంటికి పులుపు, కూలి ఆడవారికి గింజ తీసే పని ఇస్తున్నది ఆ చెట్టే.